అంటుకోవడం వేరు, పట్టుకోవడం వేరు

పొందూరులో మా నాయనమ్మ కొండపత్తి ఏకేది. చేతిలో వాలుగ చేప దవడ ఎముక ఉండేది. సూదుల్లాంటి పళ్లు వరుసగా ఉన్న ఆ ముక్కతో దూదిని దువ్వితే పోగులు ఒక దారికి వచ్చేవి, నలకలు కింద రాలిపడేవి. అదే వీధిలో నాలుగిళ్లు దాటితే పడుగుకు గంజి పెట్టేవారు. గంజికి ఎదురుగా ఉన్నది ఏదన్న పట్టింపు లేదు. నూలుకూ అంటుతుంది, వేళ్లకూ అంటుతుంది, అటుగా పరిగెత్తిన నా గౌనుకూ అంటింది. దవడ అలా కాదు. తన పళ్ల సందుకు సరిపోయిన పోగునే పట్టేది.

ఇప్పుడు శ్రీకాకుళంలో పీజీ విద్యార్థులకు జీవరసాయన శాస్త్రం చెబుతున్నాను. అంతకు ముందు ఆరేళ్లు హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో కణాలు పెంచాను. కిందటి వేసవిలో మా విద్యార్థిని ఒక అమ్మాయి విశాఖపట్నంలో ప్రాజెక్టు ముగించుకుని పట్టికలతో వచ్చింది. ప్లాస్టిక్ ప్లేటులో ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీన్ పూసిన చిన్న గుంటల్లో కణాలు చక్కగా అంటుకున్నాయని చెప్పింది.

"ఏమీ పూయని గుంటల్లో?" అని అడిగాను.

"వాటిలోనూ అంటుకున్నాయి మేడమ్. ఇంకా కొంచెం ఎక్కువే."

అంటే మూడు నెలల పాటు ఆ అమ్మాయి గంజిని కొలిచింది. కణం మీది గ్రాహకం, అంటే పైపొరలో ఉండి బయటి అణువులను పట్టే ప్రోటీన్, కణం చుట్టూ ఉన్న ప్రోటీన్‌ను గుర్తుపట్టి పట్టుకుందని చెప్పాలంటే ఏం చేయాలో, ఎక్కడ మోసపోతామో ఆమె కోసమూ, ఈ ఏడాది ప్రాజెక్టులకు వెళ్లేవారి కోసమూ రాస్తున్నాను.

ఎవరు ఎవరిని పడతారు

కణాల మధ్య ఉండేది ఉత్త ఖాళీ కాదు. కొల్లాజెన్, ఫైబ్రోనెక్టిన్, లామినిన్ వంటి ప్రోటీన్లూ, హయలురోనిక్ ఆమ్లం వంటి చక్కెర గొలుసులూ కలిసి అల్లిన వల అది. పుస్తకాల్లో దాని పేరు కణబాహ్య మాత్రిక. దాన్ని పట్టుకునే గ్రాహకాల్లో పెద్ద కుటుంబం ఇంటిగ్రిన్లది. ఆల్ఫా గొలుసు ఒకటి, బీటా గొలుసు ఒకటి జతకూడితే ఒక ఇంటిగ్రిన్. మనిషిలో 18 ఆల్ఫాలు, 8 బీటాలు ఉన్నా కుదిరే జతలు 24 మాత్రమే. పెళ్లి సంబంధాలలాగే ఇక్కడా అందరికీ అందరూ కుదరరు.

ఫైబ్రోనెక్టిన్ చాలా పెద్ద ప్రోటీన్. అంత పెద్ద ప్రోటీన్‌లో కణం పట్టుకునే పిడి మూడు అమైనో ఆమ్లాలంతే: ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం. వాటి ఒంటి అక్షరాల గుర్తులు కలిపి ఆర్‌జీడీ అంటారు. 1984లో పియర్ష్‌బాకర్, రువోస్లాటి అనే శాస్త్రవేత్తలు ఈ సంగతి చూపించారు. ఆర్‌జీడీ ఉన్న చిన్న కృత్రిమ పెప్టైడ్ (అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు) మీద కూడా కణాలు అంటుకున్నాయి. ఆస్పార్టిక్ ఆమ్లాన్ని తీసి దాని స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం పెడితే మాత్రం ఆ గుణం పోయింది. ఈ రెండు ఆమ్లాలదీ ఒకటే రుణావేశం. గ్లుటామిక్ ఆమ్లం ఒక్క కార్బన్ పొడవు ఎక్కువ, అంతే తేడా. నా పాఠమంతా ఆ ఒక్క కార్బన్ చుట్టూనే తిరుగుతుంది. ఆవేశాల మధ్య ఆకర్షణ ఒక్కటే కారణమైతే ఆ కార్బన్ తేడాను ఎవరూ పట్టించుకోకూడదు కదా.

ఇంటిగ్రిన్ అన్న పేరు 1986లో రిచర్డ్ హైన్స్ బృందం పెట్టింది. బయటి మాత్రికనూ లోపలి కణాస్థిపంజరాన్నీ (కణానికి ఆకారమిచ్చే ప్రోటీన్ పోగులను) కలిపేది అని దాని భావం. 2022లో హైన్స్, రువోస్లాటి, టిమొతీ స్ప్రింగర్ ముగ్గురికీ కలిపి వైద్య పరిశోధనకిచ్చే లాస్కర్ బహుమతి వచ్చింది.

ముందు కంప్యూటర్ మీద చూడండి

కణాలు పెంచే సదుపాయం మన ఊళ్లలో అన్ని కళాశాలలకూ లేదు. నెట్ ఉన్న కంప్యూటర్ అయితే ఆమదాలవలసలో ఇంట్లో కూడా ఉంటుంది. ప్రాజెక్టుకు రైలెక్కే ముందు రెండు సాయంత్రాలు ఈ పనికి కేటాయించండి.

ప్రోటీన్ల త్రిపరిమాణ నిర్మాణాలను దాచి ఉంచే ప్రోటీన్ డేటా బ్యాంక్ వెబ్‌సైటు తెరవండి. డబ్బు కట్టనక్కరలేదు. వెతికే పెట్టెలో 1ఎల్5జి అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. అది ఆల్ఫావీ-బీటా3 ఇంటిగ్రిన్ తల భాగంలో ఆర్‌జీడీ ఉన్న వలయాకార పెప్టైడ్ కూర్చున్న నిర్మాణం. 2002లో వచ్చింది. త్రిపరిమాణ బొమ్మను బ్రౌజర్‌లోనే తిప్పి చూడవచ్చు. ఏడు రెక్కల ఫ్యానులా కనిపించేది ఆల్ఫా తల. దాని పక్కన ఆనుకుని ఉన్నది బీటా తల. ఆ రెండింటి సందులో చిన్న పెప్టైడ్ ఇరుక్కుని ఉంటుంది. దాని మీద నొక్కితే చుట్టుపక్కల అణువులన్నీ తెరుచుకుంటాయి.

ఇప్పుడు ఆర్జినిన్ చెయ్యి ఎటు పోయిందో చూడండి. ఆల్ఫా వైపు చాచి, అక్కడి 150, 218 స్థానాల్లోని ఆస్పార్టిక్ ఆమ్లాలను అందుకుంటుంది. ఇటు పెప్టైడ్‌లోని ఆస్పార్టిక్ ఆమ్లం బీటా వైపు వంగి ఒక లోహ అయాన్‌ను తాకుతుంది. ఈ స్ఫటికంలో అది మాంగనీస్. ఆ అయాన్‌ను అక్కడ నిలబెట్టేవి బీటా గొలుసులోని 121, 123 స్థానాల సెరిన్లు, 220లోని గ్లుటామిక్ ఆమ్లం వంటివి. ఈ చోటును మైడాస్ అంటారు. లోహ అయాన్ ఆధారిత అంటుకునే స్థానం అన్న ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు కలిపి చేసిన పేరు. మధ్యలో గ్లైసిన్‌కు పక్క గొలుసంటూ లేదు. అందుకే అది ఆ ఇరుకు సందులో పట్టింది. ఇంకే అమైనో ఆమ్లం వచ్చినా మోచేయి అడ్డం తగులుతుంది.

మూడు పనులు చేసి నోటు పుస్తకంలో రాసుకోండి. ఆస్పార్టిక్ ఆమ్లపు ఆక్సిజన్‌కూ లోహానికీ మధ్య దూరం కొలవండి. ఆ ఆమ్లానికి ఒక కార్బన్ పొడవు పెరిగితే దాని తల ఎక్కడికి పోతుందో గీసి చూడండి. ఆ లోహాన్ని తుడిచేసి, బీటా వైపు పట్టుకోవడానికి ఇంక ఏం మిగిలిందో చూడండి. మూడోదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మీ ప్రయోగంలో సగం ఆ అయాన్ మీదే నడుస్తుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ బొమ్మలో ఇంటిగ్రిన్ నడుం వంచుకుని ఉంటుంది. ముందే తయారైన స్ఫటికాల్లోకి పెప్టైడ్‌ను ఇంకించి తీసిన నిర్మాణం ఇది. కణం మీద గట్టిగా పట్టుకునే వేళ ఇంటిగ్రిన్ నిటారుగా లేచి, కాళ్లు ఎడంగా పెట్టి, తల తెరుచుకుంటుంది. కణం లోపల టాలిన్ అన్న ప్రోటీన్ వచ్చి బీటా తోకను పట్టుకుంటే ఆ మార్పు మొదలవుతుంది. కిండ్లిన్ దానికి తోడు నిలుస్తుంది. అంటే బయటి పట్టు లోపలి వాళ్ల అనుమతి మీద ఆధారపడింది. గ్రాహకం ఉపరితలం మీద ఉన్నంత మాత్రాన పట్టుకుంటుందని రాయకండి.

ఓపిక ఉంటే 1ఎఫ్ఎన్ఎఫ్ కూడా తెరవండి. ఫైబ్రోనెక్టిన్‌ గొలుసులో పూసల్లా విడివిడిగా మడతపడిన భాగాలుంటాయి. వాటిలో నాలుగు పూసలు, 7 నుంచి 10 వరకు, వరుసగా కనిపిస్తాయి. పదో పూస అంచున బయటికి పొడుచుకొచ్చిన చిన్న మడతలో ఆర్‌జీడీ ఉంటుంది. తొమ్మిదో పూస మీద, అక్కడికి 30 నుంచి 40 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో, సహాయక స్థానం ఒకటి ఉంది. ఆల్ఫా5-బీటా1 ఇంటిగ్రిన్‌కు గట్టి పట్టు కుదరాలంటే ఈ రెండూ కావాలి. ఆల్ఫావీ-బీటా3కి ఆర్‌జీడీ ఒక్కటి చాలు. ఒకే పిడిని ఇద్దరు రెండు తీరుల్లో పడతారన్నమాట.

ప్లేటుకు పూత

ఇక ప్రయోగం. 96 గుంటల ప్లేటు తీసుకోండి. కణాలు పెంచడానికని ప్రత్యేకంగా తయారుచేసిన ప్లేటు మాత్రం వద్దు. దాని ప్లాస్టిక్‌కు ముందే ఆవేశం ఎక్కించి ఉంటారు, ప్రోటీన్లనూ కణాలనూ లాగుతుంది. మామూలు పాలిస్టైరీన్ ప్లేటు వాడండి. విశాఖ వెళ్లిన ఆ అమ్మాయి చేసిన మొదటి పొరపాటు ఇదే.

పొడి రూపంలో వచ్చిన ఫైబ్రోనెక్టిన్‌కు శుభ్రమైన నీరు చేర్చి 37 డిగ్రీల దగ్గర అరగంట ఊరికే వదిలేయండి. కలపకండి, ఊపకండి, మజ్జిగ చిలికినట్లు అసలే చిలకకండి. చిలికితే మడతలు విప్పుకుని దారాలు దారాలుగా ముద్దకడుతుంది. కరిగిన తరువాత ఫాస్ఫేట్ బఫర్‌లో (ఆమ్లత మారకుండా కాపాడే ద్రావణంలో) మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాముల చొప్పున పలచన చేసి, గుంటకు 100 మైక్రోలీటర్లు పోసి, 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచండి. లేదా ఫ్రిజ్‌లో రాత్రంతా పెట్టండి. తరువాత గుంటలు ఆరిపోకుండా చూసుకోవాలి.

పూత పడని చోట్లు ఎప్పుడూ మిగులుతాయి. వాటిని కప్పడానికి బోవైన్ సీరమ్ ఆల్బుమిన్ (ఆవు రక్తం నుంచి తీసిన ప్రోటీన్) 1 శాతం ద్రావణాన్ని 80 డిగ్రీల దగ్గర పది పన్నెండు నిమిషాలు వేడిచేసి, చల్లార్చి, గుంటలన్నిటిలో పోయండి. వేడిచేయకుండా పోసినవారిని చూశాను. వాళ్ల ఖాళీ గుంటలూ కణాలతో నిండాయి. వేడికి విప్పుకున్న ఆల్బుమిన్ ప్లాస్టిక్‌ను మరింత బాగా కప్పుతుంది. వేడి మరీ ఎక్కువైతే గడ్డకడుతుంది. పలచటి గంజి తేట రంగు వచ్చిందంటే అక్కడ ఆపండి.

పద్ధతి కాగితాల్లో 'గది ఉష్ణోగ్రత' అని కనిపిస్తే 20 నుంచి 25 డిగ్రీలని అర్థం చేసుకోండి. మే నెలలో శ్రీకాకుళంలో ఏసీ లేని గది ఆ లెక్కలోకి రాదు.

కణాలను లేపడం

నేను మనిషి ఫైబ్రోసార్కోమా నుంచి వచ్చిన హెచ్‌టీ-1080 కణాలతో మొదలుపెట్టమంటాను. ఫైబ్రోనెక్టిన్‌ను ఆల్ఫా5-బీటా1తో, కొల్లాజెన్‌ను ఆల్ఫా2-బీటా1తో పడతాయి. మన దేశంలో కణశ్రేణులకు పుణెలోని జాతీయ కణవిజ్ఞాన కేంద్రం పెద్ద దిక్కు.

కణాలు పెరుగుతున్న ఫ్లాస్కు నుంచి వాటిని విడదీయడానికి 2 మిల్లీమోలార్ ఈడీటీఏ చాలు. కాల్షియం, మెగ్నీషియం వంటి లోహ అయాన్లను లాగేసుకునే రసాయనం అది. ప్రోటీన్లను కత్తిరించే ఎంజైమ్ ట్రిప్సిన్ వాడితే అది ఉపరితల ప్రోటీన్లను కూడా కొరుకుతుంది. తప్పనిసరై వాడినా, దాన్ని ఆపడానికి అందరూ అలవాటుగా పోసే సీరమ్ (గడ్డకట్టిన రక్తం నుంచి తీసిన తేట) ఇక్కడ పోయకూడదు. సోయాబీన్ ట్రిప్సిన్ నిరోధకం పోయాలి. సీరమ్‌లో ఫైబ్రోనెక్టిన్, విట్రోనెక్టిన్ రెండూ ఉంటాయి. వాటిలో రెంటికీ ఆర్‌జీడీ ఉంది. ఒక్క చుక్క మిగిలినా ఖాళీ గుంటకు మీరు చేతులారా పూత పూసినట్లే. ఆ అమ్మాయి రెండో పొరపాటు ఇది. రెండూ కలిసి ఆమె ఖాళీ గుంటలను అసలు గుంటల కన్నా మిన్నగా తీర్చిదిద్దాయి.

విడిన కణాలను సీరమ్ లేని మాధ్యమంతో (కణాలను పెంచే పోషక ద్రవంతో) రెండుసార్లు కడగండి, ఈడీటీఏ పూర్తిగా పోవాలి. తరువాత కొద్దిగా ఆల్బుమిన్ కలిపిన మాధ్యమంలో 37 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు సేదతీరనివ్వండి. మిల్లీలీటరుకు రెండు లక్షల కణాలు ఉండేలా లెక్కకట్టి, గుంటకు 100 మైక్రోలీటర్లు పోయండి. అంటే గుంటకు ఇరవై వేలు.

అంటుకోవడానికి అరగంట నుంచి గంట ఇవ్వండి. భోజనానికి వెళ్లి మూడు గంటల తరువాత రాకండి. చాలా రకాల కణాలు సొంతంగా ఫైబ్రోనెక్టిన్ తయారుచేసి వదులుతాయి. ఆలస్యమైతే అవి మీ పూతను వదిలేసి తాము పరుచుకున్న చాప మీద కూర్చుంటాయి.

కడిగేటప్పుడు నేను పోగొట్టుకున్నవి

హైదరాబాదులో నా మొదటి మూడు వారాలు ఇక్కడే పోయాయి. పూత సరిగానే ఉంది, కణాలు సూక్ష్మదర్శినిలో చక్కగా పరుచుకుని కనిపించాయి. కడిగి, రంగు వేసి చూస్తే గుంటలు ఖాళీ. మళ్లీ చేశాను, మళ్లీ ఖాళీ. చేతి దురుసేమో అనుకున్నాను. పక్క బల్ల దగ్గర పనిచేసే అక్క నా బఫర్ సీసా తీసి లేబుల్ చూసి, "ఇందులో కాల్షియం, మెగ్నీషియం లేవు. నువ్వు రోజూ వాటి చేతి పట్టు ఊడదీసి కడుగుతున్నావు" అంది.

కంప్యూటర్ మీద ఆ లోహాన్ని తుడిచేయమన్నది ఇందుకే. పరిశోధనశాలల్లో మామూలుగా దొరికే ఫాస్ఫేట్ బఫర్‌లో ఈ రెండు అయాన్లు ఉండవు. కణాలను ఫ్లాస్కు నుంచి లేపేటప్పుడు అలాంటిదే కావాలి. గుంటలు కడిగేటప్పుడు మాత్రం రెండూ ఉన్నది కావాలి, అది కూడా గోరువెచ్చగా. రెండు సీసాలకూ రెండు రంగుల టేపు చుట్టండి. నేనిప్పటికీ ఎర్రటేపు, పచ్చటేపు వాడతాను.

కడగడం చేతివాటం మీద ఆధారపడే పని. పిపెట్ మొన గుంట గోడకు ఆనించి మెల్లగా పోయండి, మెల్లగా తీయండి. ఒక ప్లేటు మొత్తం ఒకే మనిషి కడగాలి. స్నేహితురాలికి సగం ప్లేటు అప్పగిస్తే ఆ సగం ఫలితాలు స్నేహితురాలివి.

మిగిలినది సులభం. 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో పదిహేను నిమిషాలు నిలపండి, 0.1 శాతం క్రిస్టల్ వయొలెట్ వేయండి, నీరు తేటగా వచ్చేదాకా కడగండి, ఆరబెట్టండి, 10 శాతం ఎసిటిక్ ఆమ్లంలో రంగును కరిగించి 590 నానోమీటర్ల దగ్గర కొలవండి. ఎన్ని కణాలకు ఎంత రంగో తెలియడానికి, కడగకుండా తెలిసినన్ని కణాలు నిలిపిన వరుస ఒకటి పక్కన ఉండాలి.

పట్టుకుందని నిరూపించడం

ఇక్కడిదాకా వచ్చినా మీ చేతిలో ఉన్నది 'అంటుకున్నాయి' అన్న మాటే. గుర్తింపు ఉందని తేలాలంటే ఒక్కొక్కటిగా తీసేసి చూడాలి.

ఆల్బుమిన్ ఒక్కటే ఉన్న గుంటలు కనీసం ఆరు ఉండాలి. వాటిలో కణాలు నిలిచాయంటే ఆ రోజు ప్లేటు చెత్తబుట్టకు.

మరో ఆరు గుంటల్లో పాలీలైసిన్ పూయండి. ఇది మన గంజి. దాని మీది ధనావేశం కణత్వచం మీది రుణావేశాన్ని లాగి పట్టేస్తుంది, ఇంటిగ్రిన్‌తో పని లేదు. సూక్ష్మదర్శినిలో చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. పాలీలైసిన్ మీద కణాలు మొదటి గంటలో ఎక్కువగా గుండ్రంగానే కూర్చుంటాయి. ఫైబ్రోనెక్టిన్ మీద చేతులు చాచి పరుచుకుంటాయి. ఫొటోలు తప్పకుండా తీయండి, అంకెల్లో ఈ తేడా దాక్కుంటుంది.

కణాలు పోసేటప్పుడే కొన్ని గుంటల్లో 5 మిల్లీమోలార్ ఈడీటీఏ చేర్చండి. ఫైబ్రోనెక్టిన్ మీది కణాలు రాలిపోవాలి, పాలీలైసిన్ మీదివి ఉండిపోవాలి. రెండూ రాలితే కణాలకే ఏదో హాని జరిగింది. రెండూ ఉంటే మీ ఫైబ్రోనెక్టిన్ గుంటలోనూ గంజే పనిచేస్తోంది. ఇలా రెండు రకాల గుంటలనూ పక్కపక్కన పెట్టి ఒకే దెబ్బ కొట్టడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష, ఖర్చూ తక్కువ.

దీనికి ఎదురు పరీక్ష మాంగనీస్. 1 మిల్లీమోలార్ చేరిస్తే నిద్రపోతున్న ఇంటిగ్రిన్లు కూడా లేచి పట్టుకుంటాయి, లోపలి టాలిన్ కోసం ఎదురుచూడవు. కానీ ఫాస్ఫేట్ బఫర్‌లో కలిపితే మాంగనీస్ ఫాస్ఫేట్ అవక్షేపం పడుతుంది. హెపెస్ లేదా ట్రిస్ బఫర్ వాడండి. అడుగున మడ్డి కనిపిస్తే ఆ గుంటలు లెక్కలోకి తీసుకోవద్దు.

తరువాత పెప్టైడ్ పోటీ. ఆర్‌జీడీ ఉన్న పొట్టి పెప్టైడ్‌ను 0.1 నుంచి 1 మిల్లీమోలార్ దాకా నాలుగు మోతాదుల్లో కణాలతో పదిహేను నిమిషాలు ముందుగా కలిపి ఉంచి, అప్పుడు గుంటల్లో పోయండి. ఇంటిగ్రిన్ చేతులు పెప్టైడ్‌తోనే నిండిపోతే ఫైబ్రోనెక్టిన్‌ను పట్టే ఖాళీ ఉండదు. పక్కనే ఆర్‌జీఈ పెప్టైడ్, అంటే ఆ ఒక్క కార్బన్ ఎక్కువైనది, అదే మోతాదుల్లో వేయండి. దానితో ఏ మార్పూ రాకూడదు. ఆర్‌జీఈ లేకుండా ఆర్‌జీడీ ఫలితం తెచ్చిన ప్రాజెక్టుకు నేను సంతకం పెట్టను. ఒక చిన్న మెలిక ఉంది. ఇలాంటి పెప్టైడ్లు తరచుగా ఆమ్ల లవణాలుగా వస్తాయి. మోతాదు పెంచేకొద్దీ మాధ్యమం ఎరుపు తగ్గి పసుపు తిరుగుతుంటే కణాలను వదిలించింది ఆర్‌జీడీయో ఆమ్లమో తెలియదు. ముందే తటస్థం చేసుకోండి.

ఈ పోటీ ప్రకృతిలోనూ ఉంది. చిన్న పింజర పాము విషంలో ఎకిస్టాటిన్ అనే చిన్న ప్రోటీన్ ఆర్‌జీడీని చాచి, రక్తఫలకికల మీది ఆల్ఫా2బీ-బీటా3ని ముందే ఆక్రమిస్తుంది. ఫైబ్రినోజన్‌కు చోటు దొరకదు, ఫలకికలు ఒకదానితో ఒకటి చేరవు. ఆ నమూనా మీద తయారైన టిరోఫిబాన్ అనే మందును గుండె రక్తనాళాల చికిత్సలో వాడతారు. పాము దగ్గర నేర్చుకున్న పాఠాన్నే మీరు ప్లేటులో మళ్లీ రాస్తున్నారు.

అయినా ఆర్‌జీడీ ఆపిందన్నంత మాత్రాన ఏ ఇంటిగ్రిన్ అన్నది తేలదు. ఉన్న 24 లో ఎనిమిది ఆర్‌జీడీని గుర్తుపడతాయి. పేరు రాయాలంటే ఆ ఇంటిగ్రిన్ పనిని అడ్డుకునే ప్రతిరక్షకం కావాలి, దానికి జోడుగా ఏ పనీ చేయని అదే తరగతి ప్రతిరక్షకం ఒకటి కావాలి. ఇవి ఖరీదు. డబ్బు లేకపోతే 'ఆర్‌జీడీ మీద ఆధారపడిన, లోహ అయాన్లు అవసరమైన బంధం' అని రాసి ఆపండి. అది చిన్నతనమేమీ కాదు. ఆపై ఆల్ఫా5-బీటా1 అని ఊహించి రాస్తే మాత్రం మౌఖిక పరీక్షలో నేనే అడుగుతాను.

పెప్టైడ్ ఎంత పోసినా కొన్ని కణాలు వదలకపోవచ్చు. ఫైబ్రోనెక్టిన్‌లో హెపారిన్‌ను పట్టే భాగాలు వేరే ఉన్నాయి. కణం మీది సిండికాన్లనే వేరే ప్రోటీన్ల చక్కెర గొలుసులు వాటిని అందుకుంటాయి.

కొల్లాజెన్‌తో అయితే

కొల్లాజెన్ పూతకు పద్ధతి మారుతుంది. 0.02 మోలార్ ఎసిటిక్ ఆమ్లంలో, చల్లగా, మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాములు. పూత తరువాత ఆమ్లం పోయేదాకా కడగాలి.

ఇక్కడ గుర్తింపు తీరే వేరు. ఆల్ఫా2-బీటా1 వెతికేది కొల్లాజెన్ మూడు పేటల తాడులో ఉన్న ఆరు అమైనో ఆమ్లాల వరుసను: గ్లైసిన్, ఫినైల్ అలనిన్, హైడ్రాక్సీప్రోలిన్, గ్లైసిన్, గ్లుటామిక్ ఆమ్లం, ఆర్జినిన్. అందులోని గ్లుటామిక్ ఆమ్లం వెళ్లి మైడాస్ లోహాన్ని తాకుతుంది. 2000లో వచ్చిన 1డీజెడ్ఐ నిర్మాణంలో దీన్ని చూడవచ్చు. అక్కడ మెగ్నీషియం బదులు కోబాల్ట్ ఉంటుంది, తికమకపడకండి. హైడ్రాక్సీప్రోలిన్ తయారవడానికి విటమిన్ సీ కావాలి, ఉసిరికాయ గొప్పతనం అక్కడ కూడా ఉంది.

మూడు పేటలూ పేనుకుని ఉన్నప్పుడే ఇంటిగ్రిన్ ఆ వరుసను గుర్తుపడుతుంది. కాబట్టి నా విద్యార్థులతో ఒక పరీక్ష చేయిస్తాను. కొల్లాజెన్‌లో సగాన్ని 60 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే పేటలు విడిపోయి జెలటిన్ అవుతుంది. అమైనో ఆమ్లాల వరుస అదే, తాడు మాత్రం లేదు. ఆల్ఫా2-బీటా1కి ఇక పని ఉండదు. విచిత్రమేమిటంటే, తాడులో దాగి ఉన్న ఆర్‌జీడీలు ఇప్పుడు బయటపడతాయి, వేరే ఇంటిగ్రిన్లు వచ్చి పడతాయి. అందువల్ల కణాలు రెండు పూతల మీదా అంటుకోవచ్చు. రంగు కొలిచి ఊరుకుంటే రెండూ ఒకటే అనిపిస్తుంది. ఆర్‌జీడీ పెప్టైడ్ చేరిస్తే గుట్టు బయటపడుతుంది: జెలటిన్ మీది కణాలు వదులుతాయి, తాడు మీదివి వదలవు. సీరమ్ ఇక్కడ మరీ ప్రమాదం, జెలటిన్‌కు ఫైబ్రోనెక్టిన్ అంటే మహా ఇష్టం.

లామినిన్ గురించి ఎక్కువ చెప్పను. ఫ్రీజర్ నుంచి తీసి మంచు మీద నిదానంగా కరిగించాలి, తొందరపడితే ముద్దకడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను నాడు కరెంటు పోయి నా దగ్గర మిగిలిన ఆఖరి చిన్న సీసా అలాగే పాడైంది. దాన్ని పట్టే ఆల్ఫా3-బీటా1, ఆల్ఫా6-బీటా1 ఆర్‌జీడీని పట్టించుకోవు. లామినిన్ గామా గొలుసు చివరన ఉన్న గ్లుటామిక్ ఆమ్లం వాటికి కావాలి. కాబట్టి పెప్టైడ్ పోటీ ఇక్కడ పనిచేయలేదని కంగారుపడకండి, పనిచేయకపోవడమే సరైన ఫలితం.

మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు నుంచి వచ్చే విద్యార్థులు ఇక్కడ తప్పకుండా మూత్రపిండం సంగతి అడుగుతారు. వడపోత పొర మీద కూర్చునే పోడోసైట్ కణాలు లామినిన్‌ను పట్టుకునేది ఆల్ఫా3-బీటా1తోనే, ఆ పట్టు లేకపోతే వడపోత నిలవదు. అది నిజం. దాన్ని తీసుకెళ్లి మన ప్రాంతపు జబ్బుకు కారణంగా ప్రాజెక్టు ముందుమాటలో రాయడం మాత్రం నిజం కాదు. ఏటా ఇద్దరి చేత ఆ వాక్యం కొట్టివేయిస్తున్నాను.

మొదట చెప్పిన ఆ అమ్మాయి సంక్రాంతి సెలవుల్లో మళ్లీ వెళ్లి, మామూలు ప్లేటు, వేడిచేసిన ఆల్బుమిన్, సీరమ్ లేని మాధ్యమంతో ప్రయోగం తిరిగి చేసింది. రాత్రి పదిన్నరకు ఫోనులో ఒక ఫొటో పంపింది. తెరిస్తే ఏమీ లేదు, తెల్లటి ఖాళీ. ఫొటో సరిగా రాలేదేమో అనుకుని ఫోన్ చేశాను.

"అదే మేడమ్, ఏమీ పూయని గుంట" అంది.